విమాన కాక్‌పిట్‌లోకి ప్రయాణికుల ప్రవేశం

కాక్‌పిట్ అనగా విమానపు ముందు భాగంలో పైలట్లు కూర్చుని విమానాన్ని నడిపే గది. విమానం గాలిలో ఉండగా సాధారణ ప్రయాణికులు ఇందులోకి వెళ్ళడం నేడు దాదాపు అన్ని దేశాల విమాన సంస్థలలోనూ నిషిద్ధము. విమానం నేలపై ఆగి ఉన్నపుడు మాత్రం కెప్టెన్ అనుమతితో చూసే అవకాశం ఉన్నది.

పూర్వ స్థితి

అమెరికాలో ప్రయాణ సమయంలో కాక్‌పిట్ తలుపు మూసి ఉంచాలనే నియమం 1960వ దశకంలోనే వచ్చినది. ఐరోపా, ఆసియా దేశాల విమానాలలో మాత్రం 2001 వరకు కూడా ప్రయాణికులను, ముఖ్యంగా పిల్లలను, కాక్‌పిట్ చూడటానికి పిలిచే ఆనవాయితీ ఉండేది.

ఏరోఫ్లోట్ 593 ప్రమాదం

1994 మార్చి 23న మాస్కో నుండి హాంకాంగ్ వెళ్తున్న ఏరోఫ్లోట్ వారి ఎయిర్‌బస్ ఎ310 విమానంలో ఒక పైలట్ తన పిల్లలను కాక్‌పిట్‌లోకి పిలిచి తన సీటులో కూర్చోబెట్టాడు. 15 ఏళ్ళ కుమారుడు నియంత్రణ దండాన్ని బలంగా తిప్పడంతో, విమానం పక్కకు ఒరగకుండా చూసే ఆటోపైలట్ విభాగం విడివడిపోయినది. ఒక దీపం వెలిగినా దానిని ఎవరూ గమనించలేదు. విమానం సైబీరియాలో కూలి 75 మందీ మరణించారు.

2001 తరువాత

2001 సెప్టెంబరు 11న అమెరికాలో ఉగ్రవాదులు నాలుగు విమానాల కాక్‌పిట్‌లను ఆక్రమించిన తరువాత నియమాలు కఠినమయ్యాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయం ప్రకారం 2003 నవంబరు 1 నుండి, 45,500 కిలోల కంటే ఎక్కువ బరువుతో ఎగిరే లేదా 60 కంటే ఎక్కువ సీట్లు గల ప్రయాణికుల విమానాలకు తుపాకి గుళ్ళను తట్టుకునే తలుపు తప్పనిసరి అయినది. ప్రయాణికులు ఎక్కి బయటి తలుపులన్నీ మూసినప్పటి నుండి, దిగడానికి ఏదైనా ఒకటి తెరిచే వరకు ఈ తలుపుకు తాళం ఉండాలి. అధికారం గల వ్యక్తులు వచ్చిపోవడానికి మాత్రమే దీనిని తెరుస్తారు.

ఈ తాళం మరొక సమస్యకు కారణమైనది. అత్యవసర సంకేతంతో బయటి నుండి తలుపు తెరవబోయినా, లోపలి పైలట్ దానిని అడ్డుకోగలడు. 2015 మార్చి 24న బార్సిలోనా నుండి డస్సెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ 9525 విమానంలో, కెప్టెన్ బయటకు వెళ్ళగానే కో-పైలట్ తలుపు బిగించి విమానాన్ని ఆల్ప్స్ పర్వతాలలో కూల్చివేశాడు. 150 మంది మరణించారు.

జంప్ సీట్

కాక్‌పిట్‌లో పైలట్ల వెనుక ఉండే అదనపు సీటును జంప్ సీట్ అంటారు. తనిఖీ అధికారులు, శిక్షణలో ఉన్న పైలట్లు, అనుమతి పొందిన విమాన సంస్థల సిబ్బంది దీనిలో కూర్చోవచ్చును. ఇది టికెట్టు కొని పొందే సీటు కాదు. అనుమతి ఉన్నవారి వలన కూడా ప్రమాదం రావచ్చును. 2023 అక్టోబరు 22న అమెరికాలో జంప్ సీటులో ఉన్న, విధులలో లేని పైలట్ ఒకరు ఇంజన్లను ఆపే మీటలను లాగబోయాడు. సిబ్బంది అడ్డుకుని విమానాన్ని పోర్ట్‌లాండ్‌లో సురక్షితంగా దింపారు.

భారతదేశంలో

భారతదేశంలో ఈ నియమాల అమలును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. 2023 ఫిబ్రవరి 27న ఢిల్లీ-దుబాయి ఎయిర్ ఇండియా విమానంలో, ప్రయాణికులలో ఉన్న ఆ సంస్థ ఉద్యోగి ఒకరిని కెప్టెన్ కాక్‌పిట్‌లోకి అనుమతించాడు. ఇందుకు కెప్టెన్ లైసెన్సును మూడు నెలలు నిలిపివేశారు. వెంటనే తగిన చర్య తీసుకోనందుకు సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించారు.

నేలపై సందర్శన

కాక్‌పిట్ చూడగోరేవారు విమానం గమ్యం చేరి తలుపులు తెరిచిన తరువాత విమాన సిబ్బందిని అడగవచ్చును. సంస్థ నియమాలు, పైలట్లకు ఉన్న తీరికను బట్టి కెప్టెన్ నిర్ణయిస్తాడు. లోపల ఏ మీటనూ తాకరాదు.