సీబీసీ రిపోర్ట్‌లో లింఫోసైట్స్ 'హై', 'లో' అని వచ్చిందా? శాతం కాదు, సంఖ్య చూడండి!

కడప జిల్లా ఖాజీపేటలోనైనా, ప్రొద్దుటూరులోనైనా జ్వరం తగ్గకపోతే డాక్టర్లు తరచుగా రాసే టెస్ట్ సీబీసీ. రిపోర్ట్‌లో లింఫోసైట్స్ పక్కన 'హై', 'లో' కనిపించగానే చాలామంది కంగారు పడిపోతుంటారు. ఇంతకీ అవేంటి?

ఏం చేస్తాయి?
ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు. వీటిలో బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. టీ కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి.

ఎన్ని ఉండాలి?
పెద్దవాళ్లలో మైక్రోలీటర్ రక్తానికి సుమారు 1,000 నుంచి 4,800. చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువే ఉంటాయి, అది మామూలే.

శాతంతోనే తికమక
తెల్లకణాలు 15,000 ఉండి లింఫోసైట్స్ 15 శాతమైతే.. సంఖ్య 2,250. అంటే నార్మలే! అదే తెల్లకణాలు 3,000 ఉండి 30 శాతమైతే 900 మాత్రమే. శాతం బాగున్నా సంఖ్య తక్కువే. అందుకే 'అబ్సల్యూట్ లింఫోసైట్ కౌంట్' చూడాలి.

ఎందుకు మారతాయి?
వైరల్ ఇన్ఫెక్షన్లు, కోరింత దగ్గు, కొన్ని రక్త క్యాన్సర్లలో పెరుగుతాయి. తీవ్రమైన కొవిడ్, స్టెరాయిడ్ల వాడకం, హెచ్‌ఐవీ వల్ల తగ్గొచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో సీడీ4 అనే టీ కణాలు 200 కంటే తగ్గితే ఇన్ఫెక్షన్ల ముప్పు బాగా పెరుగుతుంది. అయితే అంతవరకు ఆగాల్సిన పనిలేదు. సీడీ4 ఎంతున్నా సరే, 2017 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో మందులు ఉచితంగా ఇస్తున్నారు.

ఇవి గుర్తుంచుకోండి
* ఈ కౌంట్ ఒక్కటే జబ్బు పేరు చెప్పదు. డెంగ్యూ, టైఫాయిడ్, హెచ్‌ఐవీలకు వేరే టెస్టులున్నాయి.
* రిపోర్ట్ చూసి సొంతంగా యాంటీబయాటిక్స్ వాడొద్దు.
* జ్వరం తగ్గి వారాలైనా కౌంట్ మారకపోయినా, మెడలో గడ్డలున్నా, బరువు తగ్గుతున్నా డాక్టర్‌కు చూపించుకోవాలి.