బొడ్డు పైన మడత: టమ్మీ టక్ చరిత్ర చెప్పేది ఏమి?



ఇంతవరకు మేము రాసినవి వలసల కథలు, గుళ్ళ కథలు, ఇంటిపేర్ల కథలు. ఈసారి ఒక ఆపరేషన్ చరిత్ర రాస్తున్నాము. దాని పేరు టమ్మీ టక్. డాక్టర్లు అబ్డామినోప్లాస్టీ అంటారు. పొట్ట మీద సాగి వేలాడే చర్మాన్ని, దాని కింది కొవ్వును కోసి తీసేసి, మిగిలిన చర్మాన్ని కిందికి లాగి కుట్టే పని అది.

ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మన కుటుంబాల్లో రెండు మూడు కాన్పులైన ఆడవాళ్ళు దీన్ని గురించి అడుగుతున్నారు. ఒక ఇంట్లో నగలు కుదువ పెట్టి చేయించుకున్నారు కూడా. పొత్తికడుపు దగ్గర వేలాడేది పోయింది. బొడ్డుకూ రొమ్ములకూ నడుమ ఉన్న మడత మాత్రం చాలావరకు నిలిచిపోయింది. "ఇంత ఖర్చు పెట్టి ఇదేనా" అని ఇంట్లో ఒకటే బాధ. అట్లా ఎందుకు అవుతుందో తెలియాలంటే ఈ ఆపరేషన్ పుట్టుక తెలియాలి. ఇది పుట్టింది కింది పొట్ట కోసం. పై పొట్ట దగ్గరికి డాక్టర్లు చాలా ఆలస్యంగా, జాగ్రత్త పడుతూ వచ్చారు.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే మనవాళ్ళు సుశ్రుతుని పేరు చెప్తారు. న్యాయమే. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. మన దేశంలో నుదుటి చర్మంతో ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. దాన్ని చూసే యూరప్ డాక్టర్లు ఆ పని మొదలుపెట్టారు. పొట్ట ఆపరేషన్ మాత్రం 19వ శతాబ్దం చివర ఫ్రాన్స్, అమెరికా దేశాల్లో మొదలైంది. అయినా ఆ ముక్కు ఆపరేషన్‌లోని ఒక నియమం ఇక్కడా వర్తిస్తుంది. జరిపిన చర్మం బతకాలంటే దానికి నెత్తురు తెచ్చే దారి ఒకటి తెగకుండా ఉండాలి. పై పొట్ట కథంతా ఈ నియమం మీదే నడుస్తుంది.

1890లో ఫ్రాన్స్‌లో డెమార్స్, మార్క్స్ అనే ఇద్దరు బొడ్డు హెర్నియా సరిచేస్తూ పొట్ట మీది చర్మాన్ని, కొవ్వును కూడా తీశారు. 1899లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి స్త్రీల వైద్యుడు హోవర్డ్ కెల్లీ ఒకామె పొట్టకు అడ్డంగా కోత పెట్టి తీసిన ముక్క బరువు 7,450 గ్రాములు. అంటే ఏడున్నర కిలోలు. ఇవి అందం కోసం చేసినవి కావు. వేలాడే పొట్ట కింద చెమట చేరి పుండ్లు పడి, నడవలేక బాధపడే వాళ్ళకు చేసినవి. ఆ బరువంతా ఉండేది పొత్తికడుపులో. అందుకే డాక్టర్ల చూపంతా అక్కడే. పైన మడత ఉందా లేదా అని అడిగిన వాళ్ళు లేరు.

ఆ రోజుల్లో కొవ్వుతో పాటు బొడ్డు కూడా పోయేది. 1916లో ఫిలడెల్ఫియాలో బాబ్‌కాక్ అనే సర్జన్ పైనుంచి కిందికి నిలువు కోత పెట్టి చూశాడు. 1924లో షికాగో సర్జన్ మాక్స్ థోరెక్ బొడ్డును కాపాడే ఉపాయం రాశాడు. 1957లో వెర్నన్ అనే డాక్టరు పద్ధతితో బొడ్డు సమస్య బాగా తీరింది. బొడ్డును దాని చోటే వదిలి, చర్మాన్ని పక్కటెముకల దాకా లేపి కిందికి లాగి, బొడ్డు కోసం కొత్తగా రంధ్రం చేసి కుట్టడం ఆ పద్ధతి. ఇవాళ చేసే మామూలు టమ్మీ టక్‌కు మూలం ఇదే.

1967లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరో సర్జన్ ఈవో పిటాంగీ తాను వరుసగా చేసిన 300 ఆపరేషన్ల గురించి రాశాడు. కోతను లోపలి బట్టల కింద దాగేంత కిందికి దించడం, పొట్ట నడుమ ఎడమైన రెండు నిలువు కండరాలను దగ్గరికి తెచ్చి కుట్టడం బాగా వ్యాపించింది అప్పటినుంచే. కాన్పుల్లో ఈ కండరాల మధ్య ఎడం పడుతుంది. మన ఇళ్ళల్లో బాలింత నడుముకు పాత చీర బిగించి కట్టడం అందరికీ తెలిసిందే. ఆ కట్టు నడుముకు ఆసరా ఇస్తుంది. సాగిపోయిన చర్మాన్ని మాత్రం వెనక్కి తేలేదు.

ఇప్పుడు పై మడత దగ్గరికి వద్దాము. పరుపు మీద దుప్పటి కింది కొస పట్టి లాగితే పైన ఉన్న ముడతలు కొంత సర్దుకుంటాయి. కానీ పరుపులో దూది గడ్డ కట్టి ఉంటే దుప్పటి ఎంత లాగినా ఆ ఎత్తు పోదు. పై పొట్ట కూడా అదే మాదిరి. మడత వదులు చర్మంతో ఏర్పడితే, కింది నుంచి లాగినప్పుడు చాలావరకు చదునవుతుంది. కొవ్వు పొర మందంగా ఉండి ఏర్పడితే, ఆ మందం అట్లాగే కిందికి జరుగుతుంది తప్ప కరగదు.

"లాగేటప్పుడే ఆ కొవ్వు కూడా తీసేయకూడదా" అని అడగవచ్చు. 1979లో హ్యూగర్ అనే అమెరికా సర్జన్ పొట్ట చర్మానికి నెత్తురు వచ్చే దారులను మూడు భాగాలుగా విభజించి చెప్పాడు. నడుమ భాగానికి లోపలి కండరాల గుండా వస్తుంది. కింది భాగానికి తొడల వైపు నుంచి వస్తుంది. పక్కలకు పక్కటెముకల నడుమ నుంచి, నడుము వైపు నుంచి వస్తుంది. టమ్మీ టక్‌లో చర్మాన్ని పైదాకా లేపేటప్పుడు మొదటి రెండు దారులూ తెగుతాయి. ఆ చర్మమంతా పక్కల నుంచి వచ్చే నెత్తురు మీదే బతకాలి. అప్పుడు పై పొట్ట నడుమ కొవ్వును ఎక్కువగా తోడితే కుట్టు దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్లు పై మడతను వదిలిపెట్టింది చేతకాక కాదు, ఈ భయం వల్ల.

లైపోసక్షన్ వచ్చిన తరువాత ఈ ఆలోచన ఇంకా ముదిరింది. 1970ల నడుమ రోమ్‌లో ఫిషర్ తండ్రీకొడుకులు, తరువాత పారిస్‌లో ఇల్లూజ్, సన్న గొట్టంతో కొవ్వును పీల్చి తీయడం మొదలుపెట్టారు. 1990లలో న్యూయార్క్ సర్జన్ మటరాసో, టమ్మీ టక్‌తో పాటు ఎక్కడ ధైర్యంగా పీల్చవచ్చు, ఎక్కడ అతి జాగ్రత్త కావాలి అని పటం గీసినట్టు చెప్పాడు. అతి జాగ్రత్త కావలసిన చోటు పై పొట్ట నడుమ భాగమే. 1995లో లాక్‌వుడ్ ఇంకో దారి చూపాడు. చర్మాన్ని అంతా లేపకుండా నడుమ ఇరుకుగా లేపి, పక్కలు వదిలేస్తే నెత్తురు దారులు మిగులుతాయి. 2000 తరువాత బ్రెజిల్ సర్జన్ సాల్దన్యా ఇదే తరహాలో ముందు కొవ్వు పీల్చి తరువాత కోసే పద్ధతిని వ్యాపింపజేశాడు. పై పొట్టను పల్చన చేయడం కొంత క్షేమమైంది ఈ మార్పులతోనే.

ఇవి కాక మరి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, రొమ్ముల కింద కోత పెట్టి చర్మాన్ని పైకి లాగేది. ఇది 1970లలో బ్రెజిల్ నుంచి వచ్చింది. పైన మాత్రమే వదులు ఉన్నవాళ్ళకు పనికొస్తుంది, మచ్చ రొమ్ముల కింద నిలుస్తుంది. రెండోది, అడ్డం కోతతో పాటు నిలువు కోత కూడా పెట్టేది. 1985లో డెల్లన్ దీనికి ఫ్లర్ డి లీ అని పువ్వు పేరు పెట్టాడు. చాలా బరువు తగ్గి చర్మం అన్ని వైపులా వేలాడే వాళ్ళకు ఇది పై మడతను బాగా తీస్తుంది. కానీ పొట్ట నడుమ నిలువు మచ్చ జీవితాంతం ఉంటుంది.

అందుకని డాక్టరు దగ్గరికి పోయే ముందు మన వాళ్ళు తెలుసుకోవలసింది ఒకటే. ఆ మడత దేనితో ఏర్పడింది? చర్మమా, చర్మం కింది కొవ్వా, కండరాల ఎడమా, పేగుల చుట్టూ ఉన్న లోపలి కొవ్వా? వెల్లకిలా పడుకున్నా పొట్ట డోలు మాదిరి ఎత్తుగానే ఉంటే లోపలి కొవ్వు ఎక్కువని అనుకోవచ్చు. ఏ టమ్మీ టక్ కూడా దాన్ని తీయదు. అది తిండి, నడక, షుగర్ అదుపు, అవసరమైతే వేరే వైద్యంతో తగ్గాల్సిందే. కూర్చున్నప్పుడు పడే చిన్న మడత ఎవరికైనా ఉంటుంది. చర్మం మడత పడకపోతే మనిషి కూర్చోలేడు.

ఇంకా నాలుగు మాటలు. పాతకాలంలో పిత్తాశయం రాళ్ళకు కుడి పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టేవాళ్ళు. ఆ మచ్చ ఉన్నవాళ్ళకు పక్కనుంచి వచ్చే నెత్తురు దారి ముందే తెగి ఉంటుంది కాబట్టి ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పాలి. పొగ తాగే అలవాటు, అదుపులో లేని షుగర్ పుండు మానడాన్ని చెడగొడతాయి. పిల్లలు ఇక చాలు అనుకున్న తరువాత, బరువు నిలకడగా ఉన్నప్పుడు చేయించుకోవడమే మేలు. కాళ్ళలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవడం అరుదే అయినా ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం. అందువల్ల ఆస్పత్రిలో దానికి ఏమి జాగ్రత్త తీసుకుంటారో అడగాలి. అందం కోసం చేసే దీనికి ఆరోగ్య ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు ఇవ్వదు. హెర్నియా ఉంటే దాని లెక్క వేరు.

కోరుకున్న వాళ్ళు చేయించుకోవడంలో తప్పు లేదు. వేలాడే పొట్ట వల్ల నడుము నొప్పి, ఒరుపు పుండ్లు పడేవాళ్ళకు ఇది నిజమైన ఉపశమనం. కానీ పెళ్ళి చూపుల్లో ఎవరో బొజ్జ అన్నారనో, చుట్టాలు నవ్వారనో నగలు కుదువ పెట్టాల్సిన పని కాదు. నూటముప్పై ఏళ్ళు తిరిగినా పై మడతను మచ్చ లేకుండా, ప్రమాదం లేకుండా పూర్తిగా తీసే దారి సర్జన్లకు దొరకలేదు. దొరికిందని చెప్పే ప్రకటనను నమ్మే ముందు "నా మడత దేనిది, మీరు ఎక్కడ కోస్తారు, పైన ఎంత మిగులుతుంది" అని మూడు ప్రశ్నలు వేయండి.

తెలుగు మాట్లాడడం వచ్చి, చదవడం రాని వాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఇది చదివి వినిపించండి. ఉంటాము.