పొందూరు నూలుపోగు చెప్పే పాఠం



మొన్న సెలవులకు మా మనుమడు వచ్చాడు. వాడు చదువుతున్నది వ్యాపార నిర్వహణ. వాడి పుస్తకంలో ఎక్కడ చూసినా రెండే మాటలు: డిజైన్ థింకింగ్, సిస్టమ్స్ థింకింగ్. అర్థమేమిట్రా అని అడిగాను. చేసేవారి, వాడేవారి ఇబ్బంది గమనించి దానికి తగినట్టు పనిముట్టునూ పద్ధతినీ మలచడం మొదటిది. పనిలోని భాగాలు ఒకదానిపై ఒకటి ఎలా ఆధారపడి ఉన్నాయో కలిపి చూడడం రెండోది. ఈ రెండూ తెలిసిన వ్యాపారం ఎదురుదెబ్బలకు తట్టుకుని నిలబడుతుందట. "ఇదంతా మన పొందూరు సంగతే కదరా" అన్నాను. "ఖద్దరు పంచెకీ దీనికీ ఏమిటి సంబంధం తాతా?" అని వాడు నవ్వాడు. వాడికి చెప్పిన జవాబే ఈ వ్యాసం.

మన శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకు ముందు నుంచే, ఇదంతా విశాఖపట్నం జిల్లాలో ఉన్న కాలంలోనే, పొందూరు సన్ననూలుకు పేరు. పొందూరు పంచె కట్టినవారు మనలో చాలామంది ఉంటారు. అది ఎలా తయారవుతుందో దగ్గరగా చూసినవారు తక్కువ. అందుకని ముందు ఆ వరుస చెబుతాను.

మొదట పత్తి. ఈ ప్రాంతంలో పండే కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి దీనికి ఆధారం. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు సన్నని పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. చెత్త పోయి పోగులన్నీ ఒకే దిక్కుకు వస్తాయి. ఈ దవడలను గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. తరువాత గింజ తీయడం, చిన్న విల్లుతో దూదేకడం, ఏకులు చుట్టడం. చేతి చెమట తగిలి పాడవకుండా ఏకును ఎండిన అరటి డొప్పలో పెట్టి పట్టుకుంటారు. ఆపైన 24 ఆకుల చక్రం, ఒకే కదురు ఉన్న రాట్నం మీద వడుకుతారు. ఆ నూలు చిలపలై, గంజి పట్టి, మగ్గం ఎక్కుతుంది.

ఇలా వచ్చే మేలురకం నూలు 100 నంబరు. పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది అంత నంబరు. అంటే 100 నంబరు నూలు పౌనుకు 84,000 గజాలు, సుమారు 48 మైళ్లు! యంత్రశాల లేకుండా, విద్యుత్తు లేకుండా, ఇంటి పంచలో కూర్చున్న ఆడవారి చేతిలో నుంచి వచ్చే నూలు ఇది.

చేప దవడను దువ్వెనగా వాడాలని మొదట ఎవరికి తోచిందో చరిత్రలో పేరు లేదు. 1958లో భారత ప్రభుత్వ ఆహ్వానంపై అమెరికా నుంచి చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే దంపతులు వచ్చి మన దేశంలో డిజైను విద్య ఎలా ఉండాలో ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ వెలియడానికి అదే ప్రేరణ. ఆ నివేదికలో వారు మెచ్చుకున్న వస్తువు మన ఇళ్లలోని చెంబు. ఏ ఒక్కరూ దాన్ని రూపొందించలేదనీ, తరతరాల మనుషులు వాడుతూ సరిదిద్దుతూ ఆ రూపానికి తెచ్చారనీ వారి భావం. పొందూరు పనిముట్లకూ ఈ మాట వర్తిస్తుంది.

ఇక చరిత్రకు వద్దాం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై, దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. పొందూరు సన్నఖాదీ సంగతి విన్న గాంధీజీ తన కుమారుడు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపి పరిశీలింపజేశారని మన పెద్దలు చెప్పుకునేవారు. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది.

ఆ సంఘం చేసిన రెండు పనులు నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తాయి.

మొదటిది 1929 నాటిది. మేలైన రాట్నం తయారుచేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించారు. ఆనాటి లక్ష! దానికి పెట్టిన షరతులు చూడండి. పల్లెటూరి గుడిసెలో నడవాలి. స్త్రీ 8 గంటలు పనిచేసినా అలసిపోకూడదు. ఖరీదు 150 రూపాయలు దాటకూడదు. సరిగా చూసుకుంటే 20 ఏళ్లు పనిచేయాలి. ఎక్కువ నూలు రావాలన్న షరతు కూడా ఉంది గాని, దాని పక్కనే వడికే మనిషి నడుము, ఇల్లు, జేబు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఆ బహుమతి చివరకు ఎవరికీ దక్కలేదు. అయినా ప్రశ్న వేయడం ఎలాగో ఆ ప్రకటన నేర్పింది.

రెండోది 1935 నాటిది. ఖాదీ చౌకగా అమ్మాలంటే వడికేవారి కూలి తగ్గించాలి. ఆ దారి తప్పని గాంధీజీ పట్టుపట్టారు. ధర పెరిగితే అమ్మకం పడిపోతుందని కార్యకర్తలు భయపడ్డారు. అయినా వడికేవారికి బతుకుతెరువుకు చాలినంత కూలి ఇవ్వాలని చరఖా సంఘం తీర్మానించింది. గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన కడియం తెగితే గొలుసంతా తెగినట్టే. ఆ కడియాన్ని ముందు చూసుకోవాలన్నదే ఆ తీర్మానం సారం.

1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. పేరులోనే కార్మికాభివృద్ధి ఉన్న సంగతి గమనించండి. వడికేవారు ఒక ఊళ్లో, నేసేవారు మరొక ఊళ్లో, కొనేవారు ఎక్కడో. వీరిని కలిపే పని సంఘానిది. 1956 చట్టం ప్రకారం 1957లో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ వచ్చింది. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన అంబర్ చరఖా దేశమంతటా వ్యాపించింది. దానికి కదుళ్లు ఎక్కువ, నూలు ఎక్కువ. అయినా పొందూరు సన్ననూలు ఒంటి కదురు రాట్నాన్ని విడిచిపెట్టలేదు. ఆ పొట్టి పోగు పత్తికి, ఆ చేతికి కుదిరింది అదే.

పోల్చి చూడడానికి మన జిల్లాల్లోనే మరొక పరిశ్రమ ఉంది. ఇక్కడి గోగునార ఆధారంగా జనపనార మిల్లులు వెలిశాయి. నెల్లిమర్ల మిల్లు ఈలను బట్టి గడియారం సరిచేసుకున్న ఇళ్లు మనవాళ్లలో ఉన్నాయి. తరువాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. జనపనార సంచులు తప్పనిసరి చేస్తూ 1987లో కేంద్రం చట్టం చేయవలసి వచ్చింది. పెద్ద మిల్లుకు గేటు ఒక్కటే. ఆ గేటుకు తాళం పడితే వేల కుటుంబాలకు ఒకేరోజు కూలి ఆగిపోతుంది. పొందూరుకు అలాంటి గేటు లేదు. పని వందల ఇళ్లలో పరుచుకుని ఉంది కాబట్టి ఒక్క దెబ్బతో పడిపోలేదు. మిల్లు గుడ్డ, టెరిలిన్, పాలియెస్టర్ అన్నీ వచ్చినా నిలిచింది.

కాని ఇందులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. తాళం పడితే అందరికీ కనబడుతుంది. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రాట్నం ఆగిపోతే ఎవరికీ వినబడదు.

నేను ఉద్యోగ జీవితమంతా లెక్కలు చూసినవాణ్ణి. ఒకప్పుడు ఒక చేతివృత్తుల సంస్థ చిట్టాలు తనిఖీ చేశాను. సరుకు నిల్వ, అమ్మకం, రిబేటు, బాకీ, అన్నీ పైసాతో సహా సరిపోయాయి. బాగుందని రాసి సంతకం పెట్టాను. పని చేసేవారి వయసెంత, కొత్తగా ఎందరు నేర్చుకున్నారు అన్న గడి ఆ చిట్టాలో లేదు, నేనూ అడగలేదు. కొన్నేళ్లకు ఆ సంస్థలో సరుకు చేసేవారే కరువయ్యారు. నేను చూసిన లెక్క తప్పు కాదు. చూడని లెక్క మిగిలిపోయింది. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

పొందూరులో నేడు సన్ననూలు వడికేవారిలో ఎక్కువమంది వయసు మళ్లిన స్త్రీలు. ఆడపిల్లలు చదువుకుని వేరే పనులకు వెళుతున్నారు. వెళ్లవద్దని చెప్పే హక్కు మనకు లేదు. రోజంతా వడికినా వచ్చే కూలి సంసారానికి చాలకపోతే ఎవరు మాత్రం కూర్చుంటారు? కొండపత్తి పండించే రైతు, దవడ ఇచ్చే జాలరి, వడికే అమ్మ, నేసే నేతగాడు, కొనే మనం, ఇదంతా ఒక్క గొలుసు. పంచె గొప్పదని సన్మానసభల్లో పొగిడి, ధర దగ్గర బేరమాడితే ఆ భారం వెళ్లి పడేది రాట్నం మీదే. 1935 నాటి తీర్మానం ఈనాటికీ తీరని బాకీయే.

మన పెన్షనర్లం చేయగలిగింది చిన్నదే. ఏడాదికి ఒక పంచె, ఒక చీర, మనుమడికి ఒక చొక్కా గుడ్డ బేరమాడకుండా కొందాం. సెలవుల్లో పిల్లలను ఒకసారి పొందూరు తీసుకువెళదాం. మా వాణ్ణి నేను తీసుకువెళ్లాను. ఒక పెద్దావిడ ఏకు లాగుతుంటే నూలు కంటికి కనబడలేదు. వాడు వంగి చూసి, "మామ్మగారూ, మీ తరువాత ఇది ఎవరు వడుకుతారు?" అని అడిగాడు. ఆవిడ నవ్వి, "నువ్వు కొంటావా బాబూ, అయితే ఎవరో ఒకరు వడుకుతారులే" అంది.

వాడి పుస్తకం అన్ని పేజీల్లో చెప్పిన విషయం ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. ఆ మాటకు జవాబు చెప్పవలసినవాళ్లం మనం.