షాకిల్టన్ మోసిన మూట

అంటార్కిటికా సముద్రమున షాకిల్టన్ బృందపు ఓడను 1915లో మంచు నలిపివేసెను. 22 మంది ఎలిఫెంట్ ద్వీపమున చిక్కుకొనిరి. వారికి సహాయము తెచ్చుటకై షాకిల్టన్, వర్స్‌లీ, క్రీన్ 1916 మే 19న దక్షిణ జార్జియా మంచుకొండలను దాట బయలుదేరిరి. బరువు తగ్గించుటకు పడక సంచులనే విడిచిరి. మూడు దినముల ఆహారము, స్టవ్వు, అగ్గిపెట్టె, 50 అడుగుల త్రాడు, వడ్రంగి బాడిస వెంట గొనిరి. పడవనుండి ఊడదీసిన మరమేకులు బూట్లకు పట్టునిచ్చెను. బాడిసతో మంచున మెట్లు చెక్కిరి. చీకటి క్రమ్ముచుండగా త్రాటిని చుట్టగా చుట్టి, దానిపై కూర్చుండి వాలున జారిరి. పడకలు లేని ఆ చలిలో నిదురించిన మరణమే. కనుక నడచుచునే యుండి, 36 గంటలలో తిమింగిలముల వేట స్థావరమును చేరిరి. నాల్గవ ప్రయత్నమున, ఆగస్టు 30న, ఆ 22 మందియు రక్షింపబడిరి. ఒక్కొక్క వస్తువును పలువిధముల వాడుకొనగల నేర్పే ఆ చిన్న మూటకు బలమైనది.