జుమేరాత్ బజార్‌లో నానా పెట్టె కోసం

హైదరాబాద్‌లో జుమేరాత్ బజార్‌కి వెళ్లినవాళ్లకి ఆ రౌనక్ తెలుసు. గురువారం పొద్దున్నే నేల మీద దుప్పట్లు పరిచి తాళాలు, గడియారాలు, కుట్టుమిషన్ పెడల్స్, ఇత్తడి చెంచాలు పోస్తారు. వాటి మధ్య ఎక్కడో ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో నల్లటి పళ్లేల్లాంటి రికార్డులు, దుమ్ము, ఒక్కోసారి చెదలు. నా షౌక్ ఆ పెట్టె. దోస్తులు నవ్వుతారు, "పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా భాయ్" అని. నిజమే, పాటలు ఉన్నాయి. నేను వెతికేది పాట ఒక్కటే కాదు.

మా నానాకి ఒక రికార్డుల పెట్టె ఉండేది. నానీమా వాటిని "ప్లేట్లు" అనేది. క్యాసెట్లు వచ్చాక, ఇంట్లో జాగా లేదని, పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. బదులుగా రెండు స్టీలు గిన్నెలు వచ్చాయి. ఆ గిన్నెలు ఇప్పటికీ ఉన్నాయి. పెట్టె ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. అందులో ఒక ఖవ్వాలీ ఉండేదని నానీమా అంటుంది. పాడినవారి పేరు యాద్ లేదు, ధున్ మాత్రం యాద్ ఉంది.

ఈ నల్లటి పళ్లేల తారీఖ్‌లో మొదటి పేజీ ఒక ఆడమనిషిది. 1902 నవంబరులో లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. ఆమె 1873లో ఆజంగఢ్‌లో పుట్టింది, క్రైస్తవ కుటుంబం. తర్వాత తల్లీ కూతుళ్లిద్దరూ ఇస్లాం ఖబూల్ చేసి, మల్కా జాన్, గౌహర్ జాన్ అయ్యారు. అప్పట్లో మైకు లేదు. పెద్ద కొమ్ములోకి ముఖం పెట్టి గట్టిగా పాడాలి. గంటల మహఫిల్‌లో విస్తరించే ఠుమ్రీని మూడు నిమిషాల్లో ఖతం చేయాలి. చివర్లో ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. అది గొప్ప కోసం కాదు. ఆ మైనం ముద్రలు జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి వెళ్లేవి. అక్కడి పనివాళ్లకి మన భాష రాదు కదా, ఎవరి ఆవాజ్ ఏదో తెలియాలి. మన దేశంలో ఫ్యాక్టరీ వచ్చింది 1908లో, కలకత్తా సీల్దాలో.

ఇంకో తమాషా చూడండి. ఆ పాత 78 రికార్డు షెల్లాక్‌తో చేసింది. షెల్లాక్ అంటే లక్క, చెట్టుకొమ్మ మీద పురుగు చేసేది. మన గాజుల్లో వాడే లక్కే. ఛోటా నాగ్‌పూర్ అడవుల లక్క ఓడెక్కి విలాయత్ వెళ్లి, మన పాట మోసుకుని మన ఇంటికే వాపస్ వచ్చేది. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసేవారు. అందుకే కింద పడితే గాజులా పగిలిపోతుంది. తర్వాత వచ్చిన ఎల్‌పీ వినైల్, అది వంగుతుందే గానీ అంత తొందరగా పగలదు. నిమిషానికి 33 చుట్ల పైచిలుకు తిరుగుతుంది, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. ఖవ్వాలీకి ఊపిరి పీల్చుకునే జాగా దొరికింది అప్పుడే.

పెట్టె దొరికితే నేను తొందరపడను. ముందు రికార్డుని ఎండకి ఏటవాలుగా పట్టి గీతలు చూస్తాను. వేలి గోరుకి తగిలే గీత ఉంటే సూది అక్కడ దూకుతుంది. తర్వాత లేబుల్. దేవదూత బొమ్మ ఉంటే చాలా పాతది, గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క తర్వాత వచ్చింది. వెనకవైపు పాట లేకుండా నున్నగా ఉంటే ఇంకా ముందు జమానాది. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ జాగాలో చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. పేరు చెరిగిపోయిన రికార్డుకి ఆ నంబరే షనాఖ్త్.

మన ఇళ్లలో ఏం మోగేదో ఆ పెట్టెలే చెబుతాయి. 1958లో వచ్చిన 'అల్ హిలాల్' సినిమాలో ఇస్మాయిల్ ఆజాద్ ఖవ్వాలీ పక్కనే ఘంటసాల పద్యాలు ఉంటాయి. బేగం అఖ్తర్ గజల్ కింద, 1969 నాటి 'భలే తమ్ముడు'లో మహమ్మద్ రఫీ ఎన్టీఆర్‌కి పాడిన తెలుగు పాటలు. ఉర్దూ ఒకవైపు, తెలుగు ఒకవైపు. మన ఘర్‌లో రెండు జుబాన్‌లూ పక్కపక్కనే తిరిగాయి. 'షోలే' డైలాగుల ఎల్‌పీ కూడా చాలాసార్లు కనిపిస్తుంది. గబ్బర్ మాటల్ని పిల్లలు బట్టీ పట్టింది దాని వల్లే. మన తహ్జీబ్ మీద ఎవరైనా కితాబ్ రాయాలంటే ఈ పెట్టెల్ని వదిలి రాయలేరు.

కానీ ఇవి రోజూ పోతూనే ఉన్నాయి. తెలుగువాళ్లు పాత పుస్తకాలకీ రికార్డులకీ వెళ్లే మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. మంట అవసరం లేకుండా ఇళ్లలోనే పోయినవి మరెన్నో. బుజుర్గ్ ఇంతఖాల్ అయ్యాక అల్మారా ఖాళీ చేస్తారు, కబాడీవాడు తూకం వేస్తాడు. వేడినీళ్లలో వంచి పూలకుండీలు చేసినవాళ్లనీ చూశాను.

కిందటేడు రంజాన్‌కి ముందు ఒక ఖవ్వాలీ ఎల్‌పీ దొరికింది. దుకాణంవాడు మూడు వందలు అడిగాడు, రెండు వందలకి తేలింది. ఇంటికొచ్చి కవరు తుడిస్తే మూలన నీలి సిరాతో ఉర్దూలో ఒక లైను. ఎవరో చెల్లెలి నిఖాకి అన్న ఇచ్చిన తోఫా. పేర్లున్న చోట కవరు చిరిగిపోయింది. ఎవరి ఇంటి ఖుషీయో తెలీదు, నా చేతిలో అమానత్‌గా ఉంది. మా నానా పెట్టె కూడా ఇలాగే ఎవరో ఒకరి చేతిలో ఉండొచ్చు.

సూది పెట్టి నానీమాని పిలిచాను. మొదట చిటపట, తర్వాత హార్మోనియం, తర్వాత చప్పట్లు. ఆమె కళ్లు మూసుకుని వింది. "ఇదేనా నానీమా?" అన్నాను.

"కాదు బేటా, ఇది వేరే."

సూది తీయబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. పూర్తిగా విననీ."

మీ ఇంట్లో అటక మీద అలాంటి పెట్టె ఉంటే అమ్మేముందు ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఏది ఎవరు కొన్నారో, ఏ షాదీలో మోగిందో అడిగి ఒక కాగితం మీద రాసి కవర్లో పెట్టండి. పాట ఇంకెక్కడైనా దొరుకుతుంది, ఇన్షా అల్లాహ్. ఆ కాగితం మీద రాసేది మాత్రం వాళ్లతోనే వెళ్లిపోతుంది.