బ్రేకుడ్రమ్ము పలుకులు



బండి యిరుసు కిర్రుమనిన కందెన చాలలేదని మన పల్లెలలో పసివాడును జెప్పగలడు. మోటారుకారు చక్రమును అట్లే పలుకును. హిందూపురపు బెల్లము వర్తకులను, ధర్మవరపు పట్టుచీరల షావుకార్లను, పెండ్లివారిని మోసిన అంబాసిడరు కార్లు 1957 మొదలు 2014 వఱకు తయారయ్యెను. వానిలో పాతవాటికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే.

ఈ విద్యకు మూలమును బండివాండ్రయొద్దనే యున్నది. ఆంగ్లదేశపు కొండదారులలో బండ్లు దిగునపుడు చక్రము నొత్తు కొయ్యదిమ్మకు పాతచెప్పుల తోలు తగిలించుట చూచి, హెర్బర్టు ఫ్రూడు 1897లో బ్రేకు లైనింగులు చేయ మొదలిడెనని చెప్పుదురు. 1902లో ఫ్రాన్సున లూయీ రెనో బ్రేకును డ్రమ్ములోపల నమర్చెను. 1921 నాటి అమెరికా డ్యూసెన్‌బర్గు కారునకు నూనెయొత్తిడి బ్రేకులు నాలుగు చక్రములకును వచ్చెను. వేడికి కాలని రాతినార లైనింగులలో చేరెను. ఆ రాతినార మనకు దూరపుది గాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున గనులుండెను.

ఇక చప్పుళ్లు. మంచు కురిసిన వేకువను రెండు మూడుమార్లు బరబరమని యాగిపోయిన భయము లేదు. రాత్రి పట్టిన తుప్పుపొర రాలినది. ఎప్పుడును కీచుమనుచుండిన లైనింగు మెఱుగెక్కియుండును, లేదా దుమ్ము చేరియుండును. త్రొక్కినపుడు చక్రము తిరుగు లయకు డబడబ వినవచ్చి పెడలు పాదము నెగదన్నిన, డ్రమ్ము గుండ్రదనము దప్పినదని గ్రహింపుడు. ముందునకును వెనుకకును నడిపి త్రొక్కినపుడెల్ల ఒక్కసారి ఠక్కుమనిన షూలో, వాని వెనుకపలకయో వదులైనవి. గరగరమని యినుము నినుము గీచినట్లున్న, లైనింగు అరిగి రివెట్లు డ్రమ్మును కోయుచున్నవి. ఆ కారును ధర్మవరమువఱకు తోలుకొనిపోవుదమను మాట వలదు.

త్రొక్కకున్నను రొద వచ్చెనా? పెడలు మెల్లగా నొత్తుడు. రొద మారిన బ్రేకునే మొదట శంకింపవలెను; మారక, మలుపులలో హెచ్చిన చక్రపు బేరింగును చూడవలెను.

అన్నిటికంటె భయంకరమైన దోషమునకు చప్పుడే లేదు. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ గుట్టల వాలున, నిండుబరువుతో బ్రేకును పట్టియుంచినచో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించును. లైనింగు పట్టు సడలును. పెడలు క్రిందికి పోవును. వాలు మొదటనే తక్కువ గేరు వేయుట యొక్కటే తగిన యుపాయము.

డ్రమ్ము విప్పగానే దుమ్మును నోటితో ఉఫ్ మని యూదు పనివాండ్రను నేను పలుమార్లు చూచితిని. అది రాతినార ధూళియైన ఊపిరితిత్తులలో నిలిచి, ఏండ్లు గడచినపిమ్మట కాన్సరు పుట్టించును. పాతకారు లైనింగు రాతినారదే యని తలచుట క్షేమము. గాలిపంపును వాడరాదు, తడిగుడ్డతో తుడిచి, గుడ్డను తడియారకముందే సంచిలో మూటగట్టి, పిల్లల కందకుండ పారవేయవలెను.