పాలారు జలవివాదం: ప్రజల మితవాదం, ప్రతినిధుల తీవ్రవాదం

నంది కొండలలో పుట్టిన పాలారు నది కర్ణాటకలో సుమారు 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలలో నది అతి తక్కువ దూరం నడిచేది కుప్పం ప్రాంతంలోనే. వివాదం అధికంగా రేగుతున్నదీ అక్కడే.

వివాద క్రమం

1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య నదీజలాల ఒప్పందం కుదిరింది. ఎగువన కొత్త కట్టడానికి దిగువవారి సమ్మతి అవసరమన్నది దాని సారాంశం. తమిళనాడు వాదన దీనిపైనే ఆధారపడి ఉంది. 2006లో కుప్పం వద్ద గణేశపురంలో ఆనకట్ట ప్రతిపాదన రాగా తమిళనాడు సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2016లో సరిహద్దులోని చెక్‌డ్యాం ఎత్తును 5 అడుగుల నుండి 12 అడుగులకు పెంచడంతో మరల వ్యాజ్యం నడిచింది. 2024 ఫిబ్రవరిలో కుప్పం ప్రాంతాన జలాశయానికి శంకుస్థాపన జరుగగా తమిళనాడు జలవనరుల మంత్రి దురైమురుగన్ అభ్యంతరం తెలిపారు.

ప్రజల తీరు

సరిహద్దు చెక్‌డ్యాం చెంతనే పుల్లూరులో కనకనాచియమ్మ ఆలయం ఉంది. అక్కడికి ఇరు రాష్ట్రాల భక్తులూ వస్తారు. గుడియాత్తంలో వైకాశి మాసారంభాన జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవానికి చిత్తూరు జిల్లా వాసులు తరలివెళతారు. వైద్యానికి వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్లడం మన పల్లెల్లో తరతరాల అలవాటు. ఇచ్చిపుచ్చుకొన్న సంబంధాలు సరేసరి. నీటి కొరత ఇరువైపులా నిజమే. అయినను వియ్యంకుడిని శత్రువుగా భావించేవారు అరుదు.

అంతరానికి కారణాలు

మొదటిది, ఏ శాసనసభ్యుని నియోజకవర్గమైనా సరిహద్దు రాయి వద్ద ముగుస్తుంది. కుప్పంలో పలికిన పరుషవాక్యానికి గుడియాత్తం ఓటరు శిక్ష విధించలేడు, గుడియాత్తంలో పలికినదానికి కుప్పం ఓటరూ విధించలేడు. రెండవది, 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి సభలో ఓటు వేసిన సభ్యుడు పదవి కోల్పోవచ్చు. మూడవది, న్యాయస్థానంలో ప్రభుత్వాలు వాది, ప్రతివాదులుగా నిలుస్తాయి. అక్కడ ఒక మెట్టు దిగడం ఓటమిగా కనిపిస్తుంది.

పౌరులు చూపిన దారి

పాలారుకు ఎగువ ఆనకట్టలే కాక సొంతగడ్డ తోళ్ల పరిశ్రమలూ హాని చేశాయి. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవాడే నష్టపరిహారం చెల్లించాలన్న సూత్రాన్ని అది మన న్యాయశాస్త్రంలో స్థిరపరచింది. పొరుగు రాష్ట్రాన్ని నిందించకుండా తమ ఇంటి దోషాన్ని ప్రశ్నించిన పౌరుల విజయమిది.

2021 నవంబరులో కౌండిన్య, పాలారు నదులు పొంగి గుడియాత్తం, వేలూరు ప్రాంతాలను ముంచెత్తాయి. కౌండిన్య వచ్చేది పలమనేరు వైపు నుండే. ఎగువ వాన సమాచారం దిగువ గ్రామానికి గంట ముందు చేరినా ప్రాణాలు నిలుస్తాయి. దీనికి ఏ తీర్పుకోసమూ వేచి ఉండనక్కరలేదు.

తమిళనాడులో మార్చి 22 ప్రపంచ జలదినోత్సవాన గ్రామసభ జరుగుతుంది. వరద హెచ్చరికను ఇరు జిల్లాల అధికారులు పరస్పరం తెలియజేసుకోవాలని మన పల్లెలు అక్కడ తీర్మానం చేయవచ్చు. ఆంధ్ర గ్రామసభలూ అదే కోరవచ్చు. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని కూడా ఈ ప్రశ్నే అడగాలి. ప్రజలలోని మితవాదం మౌనంగా ఉన్నంతకాలం ప్రతినిధికి అది వినిపించదు.